ఓడ దిగాక తొందరేముంది? రేవులో సొంతంగా తిరిగేవారికి తిరుగులేని సలహాలు

క్రూజ్ ఓడ రేవులో ఆగిన ఉదయం ప్రయాణికులు రెండు వర్గాలవుతారు. ఓడ కంపెనీ అమ్మే టూరు కొని, చొక్కాకు నంబరు స్టిక్కరు అంటించుకుని, జెండా పట్టుకున్న గైడు వెనక బుద్ధిగా నడిచేవాళ్లు ఒక వర్గం. "అందులో సగం ఖర్చుతో మనమే చూసి రాలేమా?" అనేవాళ్లు రెండో వర్గం. ఈ సలహాలు రెండో వర్గానికి. డబ్బు మిగుల్చుకోవడం మీకు ఒకరు నేర్పక్కర్లేదు. టైము దగ్గరే చాలామంది లేనిపోని భయాలు పెట్టుకుని, హాయిగా గడవాల్సిన రోజును పాడుచేసుకుంటున్నారు.

భయపెట్టేది ఎవరో కూడా మనకు తెలుసు. ప్రతి బృందంలోనూ ఒక పెద్దమ్మ ఉంటారు. రాత్రి రైలుకు సాయంత్రమే స్టేషన్‌కు చేరి, ప్లాట్‌ఫారం మీద సంచులు లెక్కపెట్టుకుంటూ కూర్చునే మనిషి. ఆవిడ రోజును వెనక నుంచి లెక్కగడతారు: ఓడ ఎన్నింటికి వెళుతుంది, అంతకుముందు ఎన్నింటికల్లా రేవులో ఉండాలి, అందుకు ఏ రైలు ఎక్కాలి, ఆ రైలుకు ఎన్నింటికి గుడి ముందు నుంచి కదలాలి... ఇదీ వరస. ఆవిడ మాట వినకండి. మీరు ముందు నుంచి లెక్క మొదలుపెట్టండి, మధ్యాహ్నం భోజనం దగ్గర ఆపేయండి.

ఉదాహరణకు ఇటలీలో చివితవెక్కియా రేవు తీసుకుందాం. మధ్యధరా సముద్రంలో తిరిగే ఓడలు రోమ్ చూపిస్తామని చెప్పి ఆగేది అక్కడే. ఓడ ఉదయం 7కు వచ్చి సాయంత్రం 7కు వెళుతుందని కాగితంలో ఉందనుకోండి. కింది సూత్రాలు తూచా తప్పకుండా పాటిస్తే ఆ రోజును మీరు జన్మలో మరిచిపోరు.

1. పెద్ద అక్షరాలే చదవండి

బ్రోషర్‌లో "రోమ్" అని పెద్దగా, "చివితవెక్కియా" అని పక్కన చిన్నగా ఉంటుంది. చిన్నగా ఉన్నది చిన్న విషయమే కదా. అది 70, 80 కిలోమీటర్ల విషయం. పారిస్ పక్కన ఇరికించిన లె హావ్ర్ అనే మాట సుమారు 200 కిలోమీటర్లు. బెర్లిన్ పక్కన వార్నెమ్యుండే అని ఉంటే రైల్లో దాదాపు 3 గంటలు. ఫ్లోరెన్స్ అన్నచోట ఓడ ఆగేది లివోర్నోలో, బ్యాంకాక్ అన్నచోట లేమ్ చబాంగ్‌లో. సింగపూర్ నుంచి బయల్దేరే క్రూజుల్లో మనవాళ్లు ఎంతో ఇష్టంగా చూసే కౌలాలంపూర్ కూడా సముద్రం ఒడ్డున లేదు. దిగేది పోర్ట్ క్లాంగ్‌లో. ఇవన్నీ ముందే తెలుసుకుంటే ఉత్సాహం చల్లారిపోతుంది. బాల్కనీలోకి వచ్చి "కొలోసియం ఏ వైపు?" అని అడిగే ఆనందం మీకు దక్కదు.

2. ఏడంటే ఏడే

7కు ఓడ వస్తుందంటే 7కు మీ కాలు నేల మీద ఉంటుందని అర్థం చేసుకోండి. మధ్యలో చిల్లర పనులు కొన్ని ఉంటాయి. తాళ్లు కట్టాలి, గ్యాంగ్‌వే వేయాలి, ఆ దేశపు అధికారులు కాగితాలు చూసి సరేననాలి. ఆ మాట వచ్చేదాకా ఎవరినీ దింపరు. దింపడం మొదలయ్యాక కూడా కంపెనీ టూర్ల వాళ్లనే తరచూ ముందు వదులుతారు. మూడు వేలమంది ఒకేసారి లిఫ్టుల దగ్గరకు చేరితే ఏమవుతుందో ఊహించుకోకండి, మనసు పాడవుతుంది.

దిగాక రేవులో ఇష్టం వచ్చినట్టు నడవనివ్వరు. ఓడ దగ్గర షటిల్ బస్సెక్కితే లార్గో డెల్లా పాచె అనే చోట దింపుతారు. అక్కడి నుంచి రైల్వే స్టేషన్‌కు ఇంకో బస్సు, లేదా కాళ్లకు పని. ఈ లెక్కలన్నీ వేసి, 8కి బయటపడితే అదృష్టం, 8:30కి స్టేషన్ చేరితే గొప్ప అంటారు పెద్దమ్మ. మీరు మాత్రం కొలోసియానికి ఉదయం 8:30 టికెట్ కొనండి. అక్కడి టికెట్ల మీద ప్రవేశ సమయం అచ్చువేసి ఉంటుంది కాబట్టి, ఏ నిమిషానికి మీ డబ్బు పోయిందో కచ్చితంగా తెలుస్తుంది.

3. చివరి రైలే మంచి రైలు

ప్రాంతీయ రైలు చివితవెక్కియా నుంచి రోమ్ టెర్మిని స్టేషన్‌కు గంట పైచిలుకు తీసుకుంటుంది. వాటికన్ చూడాలంటే అంతకంటే ముందే శాన్ పియెత్రో స్టేషన్‌లో దిగవచ్చు. పెద్దమ్మ లెక్క ఇలా సాగుతుంది: ఓడ 7కు వెళుతుంది. అందరూ ఎక్కి ఉండాల్సిన గడువు, అంటే ఆల్ అబోర్డ్ టైము, సాధారణంగా దానికి అరగంట ముందు. కొన్నిచోట్ల గంట ముందు. కాబట్టి 5కల్లా చివితవెక్కియాలో ఉండాలి. అంటే మూడున్నరకల్లా రోమ్‌లో రైలెక్కాలి. పొద్దున రోమ్ చేరేసరికి 10 అవుతుంది. కాగితం మీద ఉన్న 12 గంటల్లో రోమ్‌కు మిగిలేది ఐదున్నర గంటలు.

ఇదేం లెక్కండీ, ఇలా పీనాసితనంగా! మీ లెక్క చూడండి. ఓడ 7కు వెళుతుంది, రైలు గంటా పది నిమిషాలు పడుతుంది, 5:45కి ఎక్కితే 6:55కి చేరతారు. ఇంకా ఐదు నిమిషాలు మిగులు. ఆ ఐదు నిమిషాల్లో స్టేషన్ నుంచి గేటుకు ఒక బస్సు, గేటు నుంచి ఓడకు ఒక బస్సు, మధ్యలో భద్రతా తనిఖీ. తీరిక ఉంటే మంచినీళ్ల సీసా. ఆల్ అబోర్డ్ అని ఏదో అన్నారే అంటారా? అది టూరు కొన్నవాళ్ల కోసం పెట్టిన టైము. సొంతంగా తిరిగేవాళ్లకు స్వేచ్ఛ ఉంటుంది.

కాగితం టికెట్ కొంటే ప్లాట్‌ఫారం దగ్గర మెషీన్‌లో ముద్ర వేయించుకోవాలి. అదీ మానేయండి. టికెట్ కలెక్టరుతో జరిగే సంభాషణలో నాలుగు ఇటాలియన్ మాటలు నేర్చుకోవచ్చు.

4. సమ్మె వార్తలు చదవకండి

ఇటలీలో రైళ్ల సమ్మెలు ముందే ప్రకటించి చేస్తారు. తేదీ, గంటలు అన్నీ బయటపెడతారు. అంత పద్ధతైన సమ్మెకు భయమెందుకు? పైగా పనిరోజుల్లో సమ్మె ఉన్నా, ఉదయం 6 నుంచి 9 దాకా, సాయంత్రం 6 నుంచి 9 దాకా కొన్ని ప్రాంతీయ రైళ్లు నడిపి తీరాలని నియమం. ఓడ ప్రయాణికుడి కోసమే రాసినట్టుంది. పొద్దున రైలు మిమ్మల్ని రోమ్‌కు చేరుస్తుంది. సాయంత్రం 6 దాటాక వచ్చే రైలు మిమ్మల్ని చివితవెక్కియాకు చేరుస్తుంది. ఓడ ఉండాలని మాత్రం ఆ నియమంలో ఎక్కడా లేదు.

5. అన్నీ ఒకే రోజు, అదీ బుధవారం

రోమ్‌కు మళ్లీ ఎప్పుడొస్తామో ఏమో అనే ఆలోచనతో జాబితా రాసుకోండి: కొలోసియం, ఫోరం, పాంథియాన్, ట్రెవీ ఫౌంటెన్, స్పానిష్ మెట్లు, సెయింట్ పీటర్స్, వాటికన్ మ్యూజియాలు, వాటి చివర సిస్టీన్ చాపెల్. ఒక్కోదానికి 20 నిమిషాలు చాలు. ఫొటో దిగితే చూసినట్టే. సిస్టీన్ చాపెల్‌లో ఫొటోలు తీయనివ్వరు కాబట్టి అది చూడకపోయినా ఎవరికీ తెలియదు.

బుధవారమైతే మరీ మంచిది. పోప్ రోమ్‌లో ఉంటే ఆ ఉదయం భక్తులకు దర్శనమిస్తారు. సెయింట్ పీటర్స్ చర్చి ముందు ఆవరణ జనంతో నిండిపోతుంది, లోపలికి మధ్యాహ్నం వరకు వెళ్లడం కష్టం. ఆదివారమైతే వాటికన్ మ్యూజియాలకు సెలవు. నెలలో చివరి ఆదివారం మాత్రం తెరుస్తారు, అదీ ఉచితం. ఉచితం అన్న మాటకు క్యూ ఎంత పొడుగవుతుందో మనకు వేరే చెప్పాలా? సోమవారమైతే 7:30 నుంచి 9 దాకా రాహుకాలం. ఓడ దిగనిచ్చేది సరిగ్గా అప్పుడే. క్యాబిన్‌లో కూర్చుని అది వెళ్లాక బయల్దేరండి. బట్టల సంగతికొస్తే ఎండ కదా, నిక్కరూ చేతుల్లేని బనియనూ వేసుకోండి. భుజాలు, మోకాళ్లు కప్పుకోనివాళ్లను సెయింట్ పీటర్స్ గుమ్మం దగ్గరే ఆపేస్తారు కాబట్టి, లోపల పట్టే గంట మీకు ఆదా.

6. గడియారం ఫోనుకే తెలుసు

ఫోను ఎక్కడికి వెళితే అక్కడి టైము చూపిస్తుంది. ఓడకు మాత్రం తనదైన టైము ఉంటుంది. దాన్ని షిప్పు టైము అంటారు, రోజూ రాత్రి క్యాబిన్‌కు పంపే కార్యక్రమాల కాగితంలో వేస్తారు. ఆ కాగితం మీద జీడిపప్పు పోసుకుని తినండి, చదవకండి.

అమెరికాలోని మనవాళ్లకు ఇక్కడ మంచి అవకాశం ఉంది. వేసవి సెలవుల్లో మయామీలో ఓడెక్కి మెక్సికోలోని కొజుమెల్ వెళ్లండి. కొజుమెల్ ఉన్న క్వింటానా రూ రాష్ట్రం 2015 నుంచి ఏడాది పొడుగునా ఒకే టైము పాటిస్తోంది. మయామీలో వేసవికి గడియారాలు గంట ముందుకు జరుపుతారు. ఓడ మయామీ టైమునే అట్టిపెట్టుకుంటే, ఓడలో నాలుగున్నర అయినప్పుడు మీ ఫోనులో మూడున్నరే. బీచిలో ఇంకో గంట పడుకోవచ్చని ఫోనే చెబుతుంది. మీరు లేచి, ఇసుక దులుపుకుని, "ఇంకా నాలుగే కదా" అంటూ రేవుకు చేరేసరికి అక్కడ సముద్రం చాలా విశాలంగా కనిపిస్తుంది.

డాలస్, హ్యూస్టన్ వాళ్లు మాత్రం జాగ్రత్త. గాల్వెస్టన్‌లో ఎక్కి డిసెంబరులో వెళితే లెక్క తలకిందులవుతుంది. అప్పుడు ఫోను ఓడ కంటే గంట ముందుంటుంది. దాన్ని నమ్ముకుంటే గంట ముందే ఓడెక్కి కూర్చునే ప్రమాదం ఉంది.

7. పడవల దగ్గర వరసలు మనకు కొత్తా?

కొన్నిచోట్ల ఓడ ఒడ్డుకు రాదు. సముద్రంలో లంగరు వేసి, టెండర్లనే చిన్న పడవల్లో జనాన్ని చేరవేస్తుంది. గ్రీసులో సాంతోరినీ అలాంటిదే. ఓడ టూర్ల వాళ్లను ముందుగా అథినియోస్ రేవుకు తీసుకెళతారు. అక్కడ బస్సులు సిద్ధంగా ఉంటాయి. సొంతంగా వెళ్లేవాళ్లను ఆ తర్వాత ఫిరా ఊరి కింద పాత రేవులో దింపుతారు. ఊరేమో దాదాపు 220 మీటర్ల పైన, కొండ కొమ్మున. వెళ్లడానికి కేబుల్ కారు, లేదంటే 600కు దగ్గరగా మెట్లు, అదీ కాదంటే గాడిదలు.

పొద్దున ఎలాగో ఎక్కేస్తారు. సాయంత్రం అందరూ ఒకేసారి దిగాలి. ఒకే రోజు మూడు నాలుగు ఓడలు వస్తే కేబుల్ కారు వరస ఊరి సందుల్లోకి పాకుతుంది. అప్పుడు ఇలా అనుకోండి: "అలిపిరి నుంచి 3,550 మెట్లు ఎక్కి తిరుమల వెళ్లినవాళ్లం, ఈ 600 ఒక లెక్కా?" అనుకుని దిగడం మొదలుపెట్టండి. అలిపిరి మెట్ల మీద నీడ ఉంటుంది, గాడిదల మందలు ఎదురు రావు, అవి వదిలివెళ్లిన దాని మీద కాలు జారదు. ఇవి చిన్న తేడాలు. మీ అసలు గడువు ఓడ కదిలే టైము కాదు, చివరి టెండరు టైము. అందుకే దాన్ని అడగకండి.

8. టూరు నడిపేవాణ్ని ఇలా ఎంచుకోండి

బయట టాక్సీ గానీ వ్యాను గానీ మాట్లాడుకునేటప్పుడు కొందరు "మీ ఓడ పేరేంటి? ఆల్ అబోర్డ్ ఎన్నింటికి?" అని అడుగుతారు. అలాంటివాళ్ల జోలికి వెళ్లకండి. ఓడ ఆలస్యమైతే తామూ ఆగుతామని, ఓడ అసలు రాకపోతే డబ్బు వెనక్కిస్తామని రాసిచ్చే రకం వాళ్లు. గాలి ఎక్కువైతే రేవు మానేసే హక్కు కెప్టెన్‌కు ఉందని వాళ్లకు తెలుసు. మీకు కావాల్సింది ఏమీ అడగని మనిషి. వెనక్కి రాని డబ్బు మొత్తం ముందే కట్టించుకోవాలి. మధ్యాహ్నం మూడింటికి "మా బావమరిది తోలు సంచుల దుకాణం ఐదే నిమిషాలు" అనాలి.

9. పాస్‌పోర్టు భద్రంగా ఓడలోనే

ఊళ్లో జేబుదొంగలుంటారు. కాబట్టి పాస్‌పోర్టు, వీసా కాగితాలు, బీపీ మాత్రలు, ఫోను ఛార్జరు అన్నీ క్యాబిన్ లాకర్లో పెట్టి, తాళం గట్టిగా వేయండి. మీరు రాలేదని తేలితే ఓడ సిబ్బంది ఆ లాకరు తెరిచి, పాస్‌పోర్టులు తీసి, రేవులోని ఏజెంటుకు ఇచ్చి వెళ్లడం మామూలే. ప్రతిచోటా అలా జరగాలని లేదు. జరగనప్పుడే కథ రక్తికడుతుంది. ఓడ నంబరు, ఏజెంటు నంబరు కార్యక్రమాల కాగితంలో ఉంటాయి. అది మనం జీడిపప్పుకు వాడేశాం.

పాస్‌పోర్టు ఓడతోపాటు వెళ్లిపోతే కంగారొద్దు. ట్రెవీ ఫౌంటెన్‌లో నాణెం వేసినవాళ్లు మళ్లీ రోమ్‌కు వస్తారని నమ్మకం. మన రాయబార కార్యాలయం ఉన్నది రోమ్‌లోనే కాబట్టి, మీ నాణెం ఆ రాత్రికే ఫలిస్తుంది. తర్వాతి మజిలీకి విమానంలో వెళదామనుకుంటే, ఓడ ప్రయాణికుడిగా చెల్లిన కాగితాలు విమాన ప్రయాణికుడిగా చెల్లకపోవచ్చు. షెంగెన్ వీసా ఒకే ప్రవేశానికి తీసుకుని, మధ్యలో టర్కీ వెళ్లొచ్చే క్రూజు ఎక్కినవాళ్లకు ఈ పాఠం ఇంకా ముందే మొదలవుతుంది.

10. కెప్టెన్ కూడా మనిషే, ఆగుతాడు

కంపెనీ టూరు బస్సు ఆలస్యమైతే ఓడ ఆగుతుంది. ఆగలేకపోతే ఆ ప్రయాణికులను తర్వాతి రేవుకు చేర్చే ఖర్చు కంపెనీదే. ఆ లెక్కన మీ టాక్సీ కోసమూ ఆగాలి కదా? ఆగకపోవడానికి వాళ్లు చెప్పే సాకులు ఇవి: ఓడను రేవు దాటించే పైలట్ వచ్చి ఉన్నాడు, ఈ బెర్తులోకి ఇంకో ఓడ రావాలి, ఆలస్యాన్ని పూడ్చాలంటే వేగం పెంచాలి, వేగం పదో వంతు పెరిగితే ఇంజన్ల మీద భారం సుమారు మూడో వంతు పెరుగుతుంది. గ్యాంగ్‌వే దగ్గర కార్డు గీకే పద్ధతి ఉంది కాబట్టి ఎవరు రాలేదో వాళ్లకు పేరుతో సహా తెలుసు. మైకులో మీ ఇంటిపేరు నానా తంటాలు పడి పలుకుతారు. బాల్కనీల్లో జనం ఫోన్లు పట్టుకుని నిలబడతారు. పరుగెత్తేటప్పుడు నవ్వుతూ పరుగెత్తండి, వీడియో బాగా వస్తుంది.

ఈ దారిలో మనకంటే ముందు నడిచినవాళ్లు ఉన్నారు. 2024 మార్చిలో ఆఫ్రికా తీరంలోని సావో తోమే దీవిలో ఎనిమిది మంది, ఆరుగురు అమెరికన్లు, ఇద్దరు ఆస్ట్రేలియన్లు, సొంతంగా మాట్లాడుకున్న టూరు నుంచి ఆలస్యంగా వచ్చారు. తీర రక్షక దళం పడవలో వాళ్లను ఓడ దాకా తీసుకెళ్లింది. ఓడ ఇంకా కళ్లెదుటే ఉంది, కెప్టెన్ ఎక్కించుకోలేదు. వాళ్లు విమానాలు మారుతూ గాంబియా చేరారు. అక్కడ సముద్రం అనుకూలించక ఓడ రేవులోకే రాలేదు. చివరకు సెనెగల్‌లో అందుకున్నారు. ఆఫ్రికాలో అన్ని దేశాలు ఏ కంపెనీ టూరులో చూపిస్తారు చెప్పండి?

అలాస్కాలో జూనో రేవు కూడా బాగుంటుంది. ఆ ఊరి నుంచి బయటి ప్రపంచానికి రోడ్డే లేదు. విమానమో పడవో ఎక్కాల్సిందే. పైగా సియాటిల్‌లో ఎక్కినవాళ్లు జూనోలో మిగిలిపోయి, ప్రయాణం అక్కడితో ముగిస్తే, 1886 నాటి అమెరికా చట్టం ప్రకారం విదేశీ ఓడకు జరిమానా పడవచ్చు. ఓడవాళ్లు దాన్ని ఎంతో మర్యాదగా మీ ఖాతాలో రాస్తారు.

తరచూ వచ్చే సందేహాలు

ప్రశ్న: దూరం వెళ్లకుండా రేవు ఊరే చూసి రావచ్చా?
జవాబు: వద్దు. చివితవెక్కియాలో సముద్రపు ఒడ్డున కోట ఉంది, సంత ఉంది, చేపల భోజనం దొరుకుతుంది, నడిచి తిరగవచ్చు. అంత సుఖంగా గడిపితే ఇంటికెళ్లి చెప్పడానికి ఏం మిగులుతుంది?

ప్రశ్న: దూరం వెళ్లేరోజు కంపెనీ టూరు, దగ్గర తిరిగేరోజు సొంతంగా. ఇలా కలిపి చేస్తే?
జవాబు: పెద్దమ్మ అడగమన్నారా?

ప్రశ్న: విశాఖలో 2023లో క్రూజ్ టెర్మినల్ ప్రారంభించారు. ఓడ దిగి అరకు చూడాలనుకునే అతిథులకు ఏం చెప్పమంటారు?
జవాబు: ఈ సూత్రాలే. సుమారు 115 కిలోమీటర్లు, సగం ఘాట్ రోడ్డు. సొరంగాల్లోంచి వెళ్లే రైలు అందంగా ఉంటుందని చెప్పండి. అది తెల్లవారాక తొందరగా వెళ్లిపోతుందనీ, ఎక్కినా చేరడానికి దాదాపు 4 గంటలనీ చెప్పకండి. బొర్రా గుహలు కూడా చూసి రమ్మనండి. రాత్రి మనింట్లోనే భోజనం పెడదాం.

ప్రశ్న: మీ సలహాలన్నీ పాటించాం. అయినా టైముకే ఓడెక్కేశాం. ఎక్కడ పొరపాటు జరిగింది?
జవాబు: మీకు చెప్పకుండా పెద్దమ్మ చేతి గడియారాన్ని షిప్పు టైముకు తిప్పుకుని ఉంటారు. పర్సులో ఏజెంటు నంబరు, పాస్‌పోర్టు జిరాక్సులు పెట్టుకుని ఉంటారు. మూడింటికి కాళ్లు నొప్పులని అబద్ధమాడి మీ అందరినీ స్టేషన్‌కు లాక్కొచ్చి ఉంటారు. వచ్చే రేవులో ఆవిణ్ని ఓడలోనే ఉంచి వెళ్లండి. మీ ఇంటి నుంచి ఒక్కరైనా ఓడ చివరి మజిలీకి చేరాలి కదా.